ప్రభుత్వం వేలంలో అమ్మిన బంజరు మధ్యలోంచి మా పొలాలకు బండి బాట ఉంది. కొన్నవాళ్లు గేటు పెట్టేశారు. ఏం చేయాలి?

పొలంగట్టు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది పల్నాడు వైపు పల్లెటూరు. ఊరి పేరు, కొన్న సంస్థ పేరు రాయడం లేదు. గొడవ ఇంకా ముదరలేదు, మాటల్లోనే తేలుతుందేమో అన్న ఆశ ఉంది.

ఊరికి ఉత్తరాన అరవై ఎకరాల పైచిలుకు ప్రభుత్వ బంజరు ఉండేది. రాతి నేల, తుమ్మ చెట్లు, గొర్రెలు మేసే చోటు. దానికి అవతల మా ఊరి వాళ్ల పొలాలు. 1970ల్లో భూమి లేనివాళ్లకు డి పట్టాలు ఇచ్చినప్పుడు మా తాతకు అక్కడే మూడెకరాలు వచ్చాయి. రాళ్లు ఏరి, మట్టి తోలి, బోరు వేసి దాన్ని పొలం చేశారు. ఇప్పుడు మా నాన్న అందులో మిర్చి వేస్తున్నారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, సెలవు దొరికినప్పుడు వెళ్లి వస్తుంటాను.

ఊళ్లోంచి బయలుదేరే డొంక ఆ బంజరు మొదట్లో ఆగిపోతుంది. అక్కడి నుంచి బంజరు మీదుగా బండి బాట. ఇప్పటికీ చక్రాల గాడులు కనిపిస్తాయి. ఎద్దుల బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి గానీ బాట మారలేదు. బంజరు దాటాక ఎస్సీ కాలనీ వాళ్ల శ్మశానం ఉంది, దానికీ అదే దారి.

ఈ బంజరును పరిశ్రమల కోసమని బదలాయించారు, తర్వాత వేలంలో ఒక ప్రైవేటు సంస్థ కొన్నది. దసరా తర్వాత చుట్టూ ఫెన్సింగ్ వేసి, బాట మొదట్లో గేటు పెట్టారు. మనుషులు నడిచి వెళ్లాలంటే పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు వరకు పంపిస్తున్నారు, వాచ్‌మన్ దగ్గర రిజిస్టర్‌లో పేరు రాసి సంతకం పెట్టాలి. ట్రాక్టర్‌ను మాత్రం రానివ్వడం లేదు. అడిగితే వాళ్ల మేనేజర్ సేల్ డీడ్ తీసి చూపించారు. "ఇందులో దారి అని ఎక్కడా లేదు, ప్రభుత్వమే మాకు క్లియర్‌గా ఇచ్చింది" అన్నారు. మండలం ఆఫీసులో అడిగితే "ఆ భూమి ఇప్పుడు మాది కాదు, కొన్నవాళ్లతోనే మాట్లాడుకోండి" అన్నారు.

కాలువ కట్ట మీదుగా ఇంకో దారి ఉందంటున్నారు. ఉంది నిజమే. కానీ కట్ట ఇరుకు, రెండు చోట్ల కోసుకుపోయింది, లోడుతో ట్రాక్టర్ పోతే కాలువలో పడుతుంది. సంక్రాంతి దాటితే కోతలు మొదలవుతాయి. కోసిన కాయ కల్లానికి ఎలా చేర్చాలి, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఊళ్లోకి ఎలా తేవాలి అని నాన్నకు రాత్రి నిద్ర పట్టడం లేదు. అవతల పొలాలున్న పద్దెనిమిది కుటుంబాలదీ ఇదే టెన్షన్.

ప్రభుత్వం అమ్మేసిందంటే దారి కూడా పోయినట్టేనా? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

---

గొలుసు లింకులు:

అమ్మా, నేను సర్వే శాఖలో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. ఇలాంటి తగాదాల్లో కొలతలకు వెళ్లిన అనుభవం ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అన్నిటికన్నా అర్జెంటు మాట. ఆ రిజిస్టర్‌లో సంతకాలు ఇవాళే ఆపించండి. పైన హెడ్డింగ్ ఏం రాసి ఉందో ఫోన్‌లో ఫోటో తీయించండి. "సంస్థ అనుమతితో ప్రవేశించుచున్నాము" అన్నట్టు ఏదైనా ఉంటే అది చాలా ప్రమాదం. ఒకరి అనుమతితో నడిచిన దారి ఎన్నేళ్లు నడిచినా హక్కు కాదు. ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కు తీసుకోవచ్చు. మీ పెద్దలు ఎవరినీ అడక్కుండా, అందరికీ తెలిసేలా, ఆ బాటలో బండ్లు తోలారు. మీ బలమంతా అదే. ఆ బలాన్ని వాచ్‌మన్ పుస్తకంలో ఒక్కో సంతకంతో మీరే తగ్గించుకుంటున్నారు.

ఇక సేల్ డీడ్‌లో దారి లేదన్న మాట. ఉండదమ్మా. ప్రభుత్వ భూమి బదలాయించేటప్పుడు విస్తీర్ణం, సర్వే నెంబరు, నాలుగు హద్దులు రాస్తారు, స్కెచ్ గీస్తారు. భూమి మీద ఎవరు నడుస్తున్నారో, ఏ బండి పోతోందో వెళ్లి చూసి స్కెచ్‌లో ఎక్కించాల్సిన బాధ్యత ఉంది. టార్గెట్ తరుముతుంటే చాలాచోట్ల ఆ పని ఆఫీసులో కూర్చునే అయిపోతుంది. నా మనసును ఎప్పుడూ బాధపెట్టే విషయం ఇదే. స్కెచ్‌లో రెండు చుక్కల గీతలు పెట్టడానికి పట్టే సమయం ఎంత? అవి లేకపోవడం వల్ల పద్దెనిమిది ఇళ్లు కోర్టు మెట్లెక్కాల్సి వస్తోంది. కానీ డీడ్‌లో రాయకపోయినంత మాత్రాన అప్పటికే ఉన్న హక్కు పోదు. అమ్మినవాడికి ఎంత హక్కు ఉందో కొన్నవాడికి అంతే వస్తుంది. దారి బరువుతో ఉన్న భూమిని ప్రభుత్వం అమ్మితే ఆ బరువుతోనే వాళ్లు కొన్నట్టు.

రుజువు ఎక్కడ దొరుకుతుందంటే, మొదట పాత గ్రామ పటం, పాత ఎఫ్‌ఎంబీ (ఒక్కో సర్వే నెంబరు కొలతలు గీసిన పటం). ఈ మధ్య రీసర్వేలో వచ్చిన కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాపు)తో సరిపెట్టుకోకండి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో మీ ఊరు అయిపోయి ఉంటే కొత్త మ్యాపులో ఆ బాట అసలు లేకపోవచ్చు. పాత పటంలో బండి బాట ఉంటే రెండు వరసల చుక్క గీతలుగా, కాలిబాటైతే ఒక వరసగా కనిపిస్తుంది. దానితో పాటు సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ (నేల మీదున్నవన్నీ చూపే పటం) సంపాదించండి. రెవెన్యూ మ్యాపుల్లో లేని బాటలు కూడా అందులో ఉంటాయి, ఎందుకంటే వాళ్లు శిస్తు కోసం కాకుండా నేల మీద కనిపించింది గీశారు. పాత ముద్రణ దొరికితే ఇంకా మంచిది. ప్రభుత్వ భూమి మీద దారి హక్కు కావాలంటే 30 ఏళ్ల వాడకం చూపాలి, ముప్పై ఏళ్లు దాటిన కాగితం మీద ఆ బాట కనిపిస్తే దాన్ని కాదనడం కష్టం. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ ఫోటోలు కూడా వెనక్కి జరిపి చూడొచ్చు. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ఈ పని మీకు తేలిక. తేదీ కనిపించేలా సేవ్ చేసుకోండి.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న. మీ తాతగారి డి పట్టాలో ఉన్న సర్వే నెంబరు, ఇప్పుడు అమ్మిన బంజరు సర్వే నెంబరు, రెండూ ఒకే పాత నెంబరు నుంచి సబ్‌ డివిజన్ అయినవేనా? పట్టా తీసి చూసి చెప్పండి. దాని మీద చాలా ఆధారపడి ఉంటుంది.

---

వేలంపాట:

అవతలి వైపు మాట కూడా ఒకటి వినండి. నేను వేరే జిల్లాలో ప్రభుత్వ వేలంలో చిన్న ప్లాటు కొన్నవాణ్ణి. షెడ్డు వేయడానికి బ్యాంకు లోను తీసుకున్నాను. కొన్నాక చూస్తే మధ్యలోంచి పశువులు పోతున్నాయి. నాకు ఎవరూ చెప్పలేదు. వేలం షరతుల్లో "ఉన్నది ఉన్నట్టుగా" అని ఒక్క లైను మాత్రం ఉంది. దాని అర్థం తర్వాత తెలిసింది. రైతుల మీద నాకు కోపం లేదు, కానీ మెషినరీ పెట్టుకున్న చోట మధ్యలోంచి రాత్రీ పగలూ ట్రాక్టర్లు పోతుంటే ఎవరికైనా ఇబ్బందే.

మా దగ్గర సర్దుబాటు ఎలా జరిగిందంటే, బాటను మధ్యలోంచి తీసి ఒక పక్క సరిహద్దు వెంట వేశాం. వెడల్పు ట్రాక్టరు, ట్రాలీ రెండూ తేలిగ్గా తిరిగేంత. గ్రావెల్ నేనే తోలించాను. ఫెన్సింగ్ ఆ బాటకు లోపలి వైపుకు జరిపాను. నాకు నాలుగైదు సెంట్లు పోయాయి, కానీ తగాదా పోయింది. మీ మేనేజర్‌తో కాకుండా ఆ సంస్థలో నిర్ణయం తీసుకోగల మనిషితో మాట్లాడండి. గేటు దగ్గర ఉన్నవాళ్లకు ఏ అధికారమూ ఉండదు.

---

జూనియర్ సివిల్ కోర్టు వరండా:

వేలంపాట గారు చెప్పిన సర్దుబాటు మంచిదే. ఒకరి భూమి మీదుగా ఇంకొకరికి ఉండే దారిలాంటి హక్కుల గురించి చెప్పే ఈజ్‌మెంట్ చట్టం కూడా దారి హక్కు ఉన్నవాడు అవతలి వాడికి వీలైనంత తక్కువ ఇబ్బంది కలిగేలా దాన్ని వాడుకోవాలంటుంది. కానీ ఆ సర్దుబాటు నోటి మాటగా వద్దు. దారి హక్కు రాసిచ్చే పత్రం, స్కెచ్ జతచేసి, రిజిస్టర్ చేయించుకోండి. రేపు ఆ సంస్థ ఇంకొకరికి అమ్మితే కాగితం లేని దారి మళ్లీ మూతపడుతుంది. ఇంకా, ఆ కాగితంలో "దయతో ఇస్తున్నాము" అన్న ధోరణి లేకుండా "పూర్వం నుంచి ఉన్న దారికి బదులుగా" అని ఉండాలి.

నేను ప్రాక్టీసులో ఉన్న లాయర్ని. మీ వివరాలు పూర్తిగా చూడకుండా సలహా ఇవ్వలేను, దారి మాత్రం చూపిస్తాను. మీ గొడవలో రెండు వేర్వేరు హక్కులు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీయండి.

ఒకటి మీ పొలాల హక్కు. 1882 ఈజ్‌మెంట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఒక దారిని హక్కుగా, బహిరంగంగా, శాంతియుతంగా, ఆటంకం లేకుండా 20 ఏళ్లు వాడితే అది స్థిరపడుతుంది. ఆ భూమి ప్రభుత్వానిదైతే 20కి బదులు 30. మీది ఇన్నాళ్లూ ప్రభుత్వ భూమి కాబట్టి 30 ఏళ్లకు సాక్ష్యం సిద్ధం చేసుకోండి. 1970ల నుంచి అంటున్నారు కాబట్టి కాలం సరిపోతుంది. మనసులో పెట్టుకోవాల్సింది ఇంకొకటుంది. ఆ వాడకం కేసు వేసే నాటికి రెండేళ్ల లోపల ముగిసినదై ఉండాలి. అడ్డుపెట్టిన సంగతి తెలిసి కూడా ఏడాది పాటు నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టు అవుతుంది. "చూద్దాం, మాట్లాడదాం" అంటూ వచ్చే దసరా దాకా లాగొద్దు.

సర్వేయర్ గారు అడిగిన సబ్‌ డివిజన్ ప్రశ్న 13వ సెక్షన్ కోసం. ఒకే యజమాని తన భూమిలో ఒక ముక్కను ఇంకొకరికి ఇచ్చి, ఆ ముక్కకు వెళ్లడానికి మిగిలిన తన భూమి మీదుగా తప్ప దారి లేకపోతే, ఆ దారి ఇచ్చిన రోజే చట్టరీత్యా పుడుతుంది. ప్రభుత్వం తన బంజరులోంచి మీ తాతగారికి మూడెకరాలు ఇచ్చింది, చుట్టూ ఉన్నది తన దగ్గరే ఉంచుకుంది. అప్పుడు దీనికి 30 ఏళ్ల లెక్క కూడా అక్కర్లేదు. కానీ ఇందులో ఒక బలహీనత ఉంది. అవసరం తీరితే ఈ రకం హక్కు పోతుంది. కాలువ కట్ట దారి ఉంది కదా అని అవతలి లాయర్ మొదటి వాయిదాకే అంటాడు. వేరే దారి ఉంటే అవసరం వల్ల పుట్టే హక్కు నిలవదని జస్టినియానో అంటావో కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. అందుకే కట్ట వెడల్పు, కోసుకుపోయిన చోట్లు కొలిచి ఫోటోలు తీసి పెట్టుకోండి. భారీ వాహనాలు తోలొద్దని నీటిపారుదల వాళ్ల బోర్డు ఏదైనా ఉందేమో చూడండి. ఈ 13వ సెక్షన్ ఒక్కదాన్నే పట్టుకోకుండా 15ను కూడా కలిపి వాదించమని మీ లాయర్‌కు చెప్పండి.

రెండోది శ్మశానం దారి. అది ఏ ఒక్కరి పొలానిదీ కాదు, ఊరందరిదీ. ప్రజల బాటకు ఇన్నేళ్లు వాడాలన్న లెక్క ఉండదు, బాట అని చూపితే చాలు. శ్మశానాలు, మేత భూములు, కల్లాల పోరంబోకులు పంచాయతీకి దఖలు పడతాయని 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ చెబుతుంది. శ్మశానం ఊరిదైతే దానికి వెళ్లే దారిని ఎవరో కొన్నవాళ్లు గేటు పెట్టి మూయలేరు. ప్రజల దారిలో అడ్డు తొలగించమని బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ను, అంటే ఆర్డీవోనో తహశీల్దారునో అడగవచ్చు. సీఆర్‌పీసీలో పాత 133 అదే. దీనికి కోర్టు ఫీజు, సివిల్ దావా అంత జాప్యం ఉండవు.

అదే చట్టంలో 166వ సెక్షన్ కూడా ఉంది, పాత 147. భూమి వాడకం హక్కు మీద గొడవ శాంతిభద్రతల సమస్య అయ్యేలా ఉంటే దీని కింద విచారణ చేస్తారు. ఇందులో గడువు చాలా గట్టిది. ఏడాది పొడుగునా వాడే హక్కయితే ఫిర్యాదు అందడానికి ముందు 3 నెలల లోపల వాడి ఉండాలి. కోతకాలం లాగా కొన్ని రోజులే వాడేదైతే కిందటి సీజన్‌లో వాడి ఉండాలి. మీ గేటు దసరా తర్వాత పడింది. లెక్క వేసుకోండి.

సివిల్ కోర్టుకే వెళ్లేటట్టయితే ప్రభుత్వాన్ని కూడా ప్రతివాదిగా చేర్చాలి. దానికి సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. కోత ముందుంది కాబట్టి 80(2) కింద కోర్టు అనుమతి తీసుకుని నోటీసు గడువు లేకుండానే వేయొచ్చు. వేసిన రోజే, కోర్టు తరఫున స్థలం చూసి వచ్చే అడ్వకేట్ కమిషనర్ కోసం పిటిషన్ పెట్టండి. ఆయన వెళ్లి చక్రాల గాడులు చూసి, కొలిచి, ఫోటోలతో రిపోర్టు ఇస్తారు. అవతలివాళ్లు ఒక్క పూట జేసీబీ పెట్టి చదును చేయిస్తే నేల మీద సాక్ష్యం ఏమీ మిగలదు.

---

పొలంగట్టు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు మీ అందరికీ నమస్కారాలు. నాన్నకు ఫోన్‌లో అన్నీ చదివి వినిపించాను.

పట్టా తీసి చూశాం సర్. సర్వే నెంబరు పక్కన బై వేసి అంకె ఉంది. అమ్మిన బంజరుది అదే నెంబరు, బై ఒకటి. మా చుట్టుపక్కల మిగతా పట్టాలు కూడా అదే నెంబరులోవే.

రిజిస్టర్ ఫోటో కూడా వచ్చింది. మీరు భయపడిందే నిజం. పైన "యాజమాన్యం వారి అనుమతితో" అని టైపు చేసి అతికించారు. సంతకాలు పెట్టినవాళ్లలో మా బాబాయి, కాలనీ పెద్ద ఉన్నారు, వేలిముద్రలు కూడా ఉన్నాయి. పొలం పని కోసం తొందరలో ఏం రాసి ఉందో చదవలేదంటున్నారు. పాపం, వాళ్లకెలా తెలుస్తుంది? ఇప్పుడు ఏమైనా చేయగలమా?

ఇంకో సంగతి. కాలనీలో మొన్న ఒక పెద్దామె చనిపోయారు. పాడె గేటు దగ్గర చాలాసేపు ఆపారట. ఎవరికో ఫోన్ చేసి, అటునుంచి సరే అన్నాక వదిలారట. ఈ మాట విన్నప్పటి నుంచి నాకు మా మిర్చి సంగతి చిన్నదిగా అనిపిస్తోంది. మొదట ఆ దారి గురించే వెళ్దామని నాన్న కూడా అన్నారు.

---

గొలుసు లింకులు:

నాన్నగారు సరిగ్గా చెప్పారమ్మా. శ్మశానం దారితోనే మొదలుపెట్టండి. పాడె ఆపిన రోజు అక్కడున్నవాళ్ల పేర్లు, తేదీ, సమయం కాలనీ వాళ్లచేతే రాయించండి. అర్జీ వాళ్ల పేరునే పోవాలి, మీ రైతులు తోడు సంతకాలు చేయండి. పంచాయతీ తీర్మానం కూడా పెట్టించండి. తీర్మానంలో బాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏయే సర్వే నెంబర్ల మీదుగా పోతుందో స్పష్టంగా రాయాలి. "దారి సమస్య పరిష్కరించాలి" అని రాస్తే ఆ ఫైలు ఏ టేబుల్ మీదా కదలదు.

అర్జీ తీసుకునే ఆఫీసు "భూమి మాది కాదు" అంటే ఒప్పుకోవద్దు. భూమి అమ్మేశారు గానీ రెవెన్యూ రికార్డు వాళ్ల దగ్గరే ఉంది, మేజిస్ట్రేట్ అధికారమూ వాళ్ల దగ్గరే ఉంది. రసీదు లేకుండా అక్కణ్ణుంచి లేవొద్దని చెప్పండి.

నెంబరు ఒకటే అని తెలిసింది కాబట్టి మీ పొలాల కేసు కూడా బలంగా ఉంది. సబ్‌ డివిజన్ చేసిన నాటి స్కెచ్ కోసం, బదలాయింపు ఫైలు కోసం, వేలం షరతుల కోసం ఆర్టీఐ పెట్టండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, జిల్లా ఆఫీసుకు 10. సమాధానం ఇవ్వడానికి వాళ్లకు 30 రోజులు. బదలాయింపుకు ముందు ఊళ్లో అభ్యంతరాలు అడుగుతూ నోటీసు అంటించారా, దండోరా వేయించారా, అంటిస్తే ఎక్కడ అంటించారు, సాక్షులుగా ఎవరు సంతకం పెట్టారు, ఇవన్నీ అడగండి. సాక్షుల సంతకాలు ఊళ్లోవాళ్లవి అయితే వాళ్లనే అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

---

జూనియర్ సివిల్ కోర్టు వరండా:

సంతకాల విషయం. కంగారు పడకండి. ముప్పై నలభై ఏళ్లు నడిచిన దారి కొన్ని వారాల సంతకాలతో పోదు, పైగా గేటు పెట్టాక, వేరే గత్యంతరం లేక పెట్టిన సంతకాలు అవి. కానీ వాటిని అలాగే వదిలేయకూడదు. సంతకం పెట్టిన ప్రతి ఒక్కరూ కలిసి ఒకే ఉత్తరం రాసి, ఆ సంస్థ రిజిస్టర్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. తెలుగులోనే రాయండి, ఇలా ఉంటే చాలు:

"మా పొలాలకు, మా శ్మశానానికి వెళ్లే ఈ బండి బాటను మేము, మా పెద్దలు ఎవరి అనుమతీ లేకుండా హక్కుగా వాడుకుంటున్నాము. మీరు గేటు పెట్టి, సంతకం పెడితేనే లోపలికి పంపుతామన్నందున, మరో మార్గం లేక సంతకాలు చేశాము. రిజిస్టర్‌పై ఉన్న 'అనుమతితో' అన్న మాటలను మేము చదవలేదు, మాకు చదివి వినిపించలేదు, వాటిని మేము ఒప్పుకోవడం లేదు. ఇకమీదట సంతకం చేయము. బాటను ట్రాక్టర్లతో సహా పూర్వంలాగే తెరిచి ఉంచవలసినదిగా కోరుతున్నాము."

కింద తేదీ, అందరి సంతకాలు, వేలిముద్రలు. వేలిముద్ర వేసేవాళ్లకు చదివి వినిపించినట్టు ఇద్దరు సాక్షులు రాయాలి. నకలు ఒకటి తహశీల్దారుకు, ఒకటి పంచాయతీకి పంపండి. పోస్టల్ రసీదులు మీ దగ్గరే పెట్టుకోండి, పల్లెలో ఎవరింట్లోనో ఉంచితే అవసరానికి దొరకవు.

ఉత్తరం చేరాక కూడా వాళ్లు నడకదారిని ఆపేస్తే గేటు దగ్గర గొడవ పడొద్దు, తాళం పగలగొట్టొద్దు. ఆపినట్టు వీడియో తీసి నేరుగా పోలీస్ స్టేషన్‌లో అర్జీ ఇవ్వండి. మీవాళ్ల మీద కేసు పెట్టించే అవకాశం వాళ్లకు ఇవ్వకండి.

---

వేలంపాట:

ఆ ఉత్తరంలో చివర ఒక వాక్యం చేర్చుకోండి అక్కా: సరిహద్దు వెంట సమానమైన వెడల్పుతో వేరే బాట వేసి రిజిస్టర్ చేసి ఇస్తే మాట్లాడటానికి సిద్ధమని. నాకు అలాంటి ఉత్తరం ఒకటి వచ్చి ఉంటే నేను ఇంకా ముందే కదిలేవాణ్ణి. శ్మశానం దారికి మాత్రం ఆ బేరం పెట్టకండి, దాన్ని అడగకుండానే తెరవాలి.

---

పొలంగట్టు:

ఆ వాక్యం కూడా చేరుస్తున్నాం తమ్ముడూ, పొలాల దారి వరకే. శుక్రవారం రాత్రి బస్సుకు ఊరు వెళ్తున్నాను. శనివారం కాలనీలో కూర్చుని ఉత్తరం, అర్జీ రెండూ చదివి వినిపించి సంతకాలు తీసుకుంటాం. ఆర్డీవో ఆఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు కాబట్టి కాలనీ పెద్ద, నాన్న కలిసి వెళ్తున్నారు. సర్వేయర్ గారూ, పాత గ్రామ పటం నకలు అడిగేటప్పుడు అప్లికేషన్‌లో సరిగ్గా ఏమని రాయాలో ఒక్క ముక్క చెప్తారా?

---

గొలుసు లింకులు:

"ఫలానా గ్రామం, రీసర్వేకు ముందున్న గ్రామ పటం, ఫలానా సర్వే నెంబరుకు చెందిన ఎఫ్‌ఎంబీ, దాని సబ్‌ డివిజన్ రికార్డు, సర్టిఫైడ్ నకళ్లు" అని రాయండి. "రీసర్వేకు ముందున్న" అన్న మాట కింద గీత గీయండి. మండలంలో లేదంటే జిల్లా సర్వే ఆఫీసులో అడగండి, ఒక ప్రతి అక్కడ ఉండాలి. నకలు చేతికి వచ్చాక ఆ సర్వే నెంబరు ఉన్న భాగం ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఊరి పేరు చెరిపేసి. నేను చూసి చెప్తాను.